హ్యారీ హాప్‌కిన్స్

హ్యారీ లాయిడ్ హాప్‌కిన్స్ (ఆగష్టు 17, 1890 - జనవరి 29, 1946) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సంఘసేవకుడు, పరిపాలనాదక్షుడు, దౌత్యవేత్త. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్‌కు అత్యంత సన్నిహితుడైన సలహాదారు. 1930లలో ఆర్థిక మాంద్యం వలన ఉపాధి కోల్పోయిన లక్షలాది అమెరికన్లకు పని కల్పించిన పథకాల నిర్వాహకుడిగా మొదట ప్రసిద్ధి చెందాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రూజ్‌వెల్ట్ ఆంతరంగిక ప్రతినిధిగా లండన్, మాస్కో నగరాలకు వెళ్ళి, అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్‌ల కూటమి ఏర్పడటానికి, యుద్ధాంతం వరకు నిలబడటానికి తోడ్పడిన ముఖ్యులలో ఒకడయ్యాడు.

యుద్ధకాలంలో ఇతడు విదేశాంగ మంత్రి కాదు, రాయబారి కాదు, ప్రజలచే ఎన్నుకోబడిన నాయకుడు కూడా కాదు. 1937లో జరిగిన శస్త్రచికిత్స తరువాత తిన్న ఆహారం ఒంటబట్టని రోగంతో జీవితాంతం బాధపడ్డాడు. అయినప్పటికీ పరస్పరం అనుమానంతో చూసుకునే మూడు రాజ్యాల అధినేతలు ముగ్గురూ ఇతని మాటను నమ్మారు. ఆ నమ్మకమే ఇతని బలం. ఆ బలానికి గల పరిమితులు భారతదేశం, పోలండుల విషయంలో స్పష్టంగా కనిపిస్తాయి.

బాల్యం, విద్యాభ్యాసం

హాప్‌కిన్స్ 1890 ఆగష్టు 17న అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో జన్మించాడు. తండ్రి డేవిడ్ ఆల్డోనా హాప్‌కిన్స్ గుర్రపు జీనులు, పట్టెడల వ్యాపారం చేసేవాడు. తల్లి అన్నా పికెట్ మెథడిస్టు క్రైస్తవ సంప్రదాయంలో నిష్ఠ గల స్త్రీ. ఐదుగురు సంతానంలో హ్యారీ నాలుగవవాడు. తండ్రి వ్యాపార నిమిత్తం కుటుంబం పలుచోట్లకు మారి, చివరికి అయోవాలోనే గ్రిన్నెల్ పట్టణంలో స్థిరపడింది.

హాప్‌కిన్స్ గ్రిన్నెల్ కళాశాలలో చదివి 1912లో పట్టభద్రుడయ్యాడు. క్రైస్తవ ధర్మాన్ని సమాజసేవలో ఆచరించి చూపాలనే భావన ఆ కాలంలో ఆ కళాశాలలో బలంగా ఉండేది. ఆ ప్రభావంతోనే పట్టా పుచ్చుకున్న వెంటనే అతడు న్యూయార్క్ నగరానికి వెళ్ళి, పేదలు నివసించే లోయర్ ఈస్ట్ సైడ్ ప్రాంతంలో క్రిస్టడోరా హౌస్ అనే సేవాసంస్థలో చేరాడు. యూరప్ నుండి వలస వచ్చిన కుటుంబాల దారిద్ర్యాన్ని అక్కడే ప్రత్యక్షంగా చూశాడు.

సంఘసేవ

1913లో హాప్‌కిన్స్, హంగరీ నుండి వలస వచ్చిన యూదు కుటుంబానికి చెందిన ఎథెల్ గ్రాస్‌ను వివాహమాడాడు. వీరికి డేవిడ్, రాబర్ట్, స్టీఫెన్ అనే ముగ్గురు కుమారులు. 1915లో న్యూయార్క్ నగర శిశు సంక్షేమ విభాగానికి కార్యదర్శిగా నియమితుడై, పిల్లల పోషణభారం గల తల్లులకు భృతి పంపిణీ చేసే పనిని పర్యవేక్షించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రెడ్ క్రాస్ సంస్థలో చేరి న్యూ ఆర్లియన్స్ కేంద్రంగా పనిచేశాడు. 1924 నుండి న్యూయార్క్ క్షయ నివారణ సంస్థకు నాయకత్వం వహించాడు.

1929లో ప్రారంభమైన ఆర్థిక మాంద్యం ఇతని జీవితాన్ని మలుపు తిప్పింది. అప్పుడు న్యూయార్క్ రాష్ట్ర గవర్నరుగా ఉన్న రూజ్‌వెల్ట్ 1931లో నిరుద్యోగుల సహాయార్థం ఒక తాత్కాలిక సంస్థను నెలకొల్పగా, దాని నిర్వహణ హాప్‌కిన్స్‌కు అప్పగించబడింది. అదే సంవత్సరం ఎథెల్‌తో విడాకులు, బార్బరా డంకన్‌తో వివాహం జరిగాయి. బార్బరాకు డయానా అనే కుమార్తె జన్మించింది.

న్యూ డీల్ పథకాలు

1933లో రూజ్‌వెల్ట్ అధ్యక్షుడైన తరువాత హాప్‌కిన్స్‌ను వాషింగ్టన్‌కు పిలిపించి సమాఖ్య అత్యవసర సహాయ సంస్థను అప్పగించాడు. బాధ్యతలు స్వీకరించిన తొలి రెండు గంటలలోనే అతడు 50 లక్షల డాలర్లకు పైగా రాష్ట్రాలకు మంజూరు చేశాడు. పని చేయగల మనిషికి దానంగా డబ్బు ఇవ్వడం అతని ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందని, ఏదో ఒక పని ఇచ్చి కూలి చెల్లించడమే మేలని హాప్‌కిన్స్ విశ్వాసం.

ఆ విశ్వాసంతోనే 1933-34 శీతాకాలంలో పౌర నిర్మాణ పనుల సంస్థ ద్వారా 40 లక్షలకు పైగా జనానికి పని చూపించాడు. 1935లో ఏర్పడిన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ (డబ్ల్యు.పి.ఎ.) ఇంకా పెద్దది. 1943లో మూతపడేలోగా ఈ సంస్థ సుమారు 85 లక్షల మందికి ఉపాధి కల్పించింది. రోడ్లు, వంతెనలు, పాఠశాలలు, విమానాశ్రయాలు నిర్మించడంతో పాటు రచయితలకు, చిత్రకారులకు, నటులకు కూడా పని ఇచ్చింది. హాప్‌కిన్స్ 1938 డిసెంబరు వరకు దీనికి అధిపతిగా ఉండి, ఆ తరువాత వాణిజ్య మంత్రిగా నియమితుడయ్యాడు.

ఈ పథకాలలో ప్రజాధనం వృథా అవుతున్నదని, ఎన్నికల లబ్ధి కోసం వాడబడుతున్నదని రిపబ్లికన్ పార్టీవారు తీవ్రంగా విమర్శించారు. ఈ విమర్శల వలన హాప్‌కిన్స్‌కు శత్రువులు పెరిగారు. కాగా తక్కువ వ్యవధిలో పెద్ద పనిని ఎలా కదిలించాలో, కాగితాల కట్టలలో అసలు సమస్య ఎక్కడున్నదో పసిగట్టడమెలాగో అతనికి ఇక్కడే అలవడింది. తరువాతి కాలంలో యుద్ధసామగ్రి పంపిణీలో ఈ అనుభవమే అక్కరకు వచ్చింది.

అనారోగ్యం, వైట్‌హౌస్ నివాసం

1937 అక్టోబరులో భార్య బార్బరా క్యాన్సర్‌తో మరణించింది. అదే సంవత్సరం డిసెంబరులో హాప్‌కిన్స్‌కు కూడా జీర్ణాశయ క్యాన్సర్ ఉన్నట్లు తేలగా, మేయో క్లినిక్ వైద్యులు శస్త్రచికిత్స చేసి జీర్ణాశయంలో అధికభాగాన్ని తొలగించారు. క్యాన్సర్ తగ్గింది కాని, ఆహారంలోని పోషకాలను శరీరం గ్రహించలేని స్థితి ఏర్పడింది. అప్పటి నుండి తరచుగా రక్తమార్పిడి, ఇంజెక్షన్లు, మందులతోనే అతని జీవితం గడిచింది. ఒకప్పుడు రూజ్‌వెల్ట్ తరువాత అధ్యక్ష పదవికి పోటీ చేయాలని ఆశించిన హాప్‌కిన్స్ ఆ ఆశను వదులుకోవలసి వచ్చింది.

1940 మే 10న జర్మనీ సేనలు బెల్జియం, హాలండులపై దాడి చేశాయి. ఆ రాత్రి వైట్‌హౌస్‌లో విందుకు వచ్చిన హాప్‌కిన్స్ ఆరోగ్యం బాగా లేకపోవడం చూసి రూజ్‌వెల్ట్ అక్కడే ఉండిపొమ్మన్నాడు. ఒక్క రాత్రి కోసం ఉన్న అతిథి మూడున్నర సంవత్సరాలు అక్కడే ఉన్నాడు. చిన్నపిల్ల డయానా కూడా అక్కడే పెరిగింది. 1940 సెప్టెంబరులో మంత్రి పదవి నుండి తప్పుకున్న హాప్‌కిన్స్, ఆ తరువాత ఏ హోదా ఉన్నా లేకున్నా, ఏ వేళనైనా అధ్యక్షుని గదిలోకి వెళ్ళగలిగిన వ్యక్తిగా మిగిలాడు.

లండన్ ప్రయాణం (1941)

1940 చివరి నాటికి ఫ్రాన్సు పతనమైంది. బ్రిటన్ తన సామ్రాజ్య దేశాల అండతో పోరాడుతున్నది కాని, అమెరికాలో ఆయుధాలు కొనడానికి దానివద్ద డాలర్లు అడుగంటాయి. ఈ పరిస్థితిని వివరిస్తూ బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ డిసెంబరు 8న వ్రాసిన సుదీర్ఘమైన లేఖ, కరీబియన్ సముద్రంలో నౌకాయానంలో ఉన్న రూజ్‌వెల్ట్‌కు అందింది. అప్పుడు హాప్‌కిన్స్ కూడా అదే నౌకలో ఉన్నాడు. సొమ్ము చెల్లించకపోయినా ఆయుధాలను అరువుగా ఇచ్చే ఆలోచన రూజ్‌వెల్ట్‌కు ఆ ప్రయాణంలోనే రూపుదిద్దుకున్నది.

కాని చర్చిల్ ఎటువంటివాడు, బ్రిటన్ నిజంగా నిలబడగలదా అన్నది అధ్యక్షునికి తెలియాలి. లండన్‌లోని అమెరికా రాయబారి జోసెఫ్ కెనెడీ అప్పటికే తప్పుకున్నాడు. వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబారి లార్డ్ లోథియన్ డిసెంబరు 12న మరణించాడు. రెండు రాజధానుల మధ్య నమ్మకంగా మాట మోసేవారు లేని ఆ సమయంలో రూజ్‌వెల్ట్ హాప్‌కిన్స్‌ను తన ఆంతరంగిక ప్రతినిధిగా పంపాడు.

1941 జనవరి 9న ఇంగ్లండు చేరిన హాప్‌కిన్స్, మరునాడు చర్చిల్‌తో కలిసి భోజనం చేశాడు. మొదట కొద్దిరోజులకే అనుకున్న ప్రయాణం సుమారు ఆరు వారాలు సాగింది. బాంబుదాడులకు గురైన నగరాలను, రేవులను, నౌకాస్థావరాలను అతడు స్వయంగా చూశాడు. చలికి తట్టుకోలేని శరీరంతో, ఇంట్లో కూడా ఓవర్‌కోటు విప్పకుండా తిరిగాడు. జనవరి 17న గ్లాస్గోలో జరిగిన ఒక చిన్న విందులో బైబిలులోని రూతు గ్రంథంలో ఉన్న, కడవరకు వెంట నడుస్తాననే భావం గల వచనాన్ని గుర్తుచేసి, అమెరికా బ్రిటన్‌ను విడిచిపెట్టదని సూచించాడు. చర్చిల్ కంట తడి పెట్టాడు. అమెరికా అప్పటికి యుద్ధంలో లేదు. అటువంటి వాగ్దానం చేసే అధికారం హాప్‌కిన్స్‌కు లేదు. అయినా యుద్ధంలో అలసిన బ్రిటిష్ నాయకత్వానికి ఆ మాట కొండంత ధైర్యమిచ్చింది.

బ్రిటన్ నిలబడగలదని, అయితే సహాయం వెంటనే అందాలని హాప్‌కిన్స్ అధ్యక్షునికి నివేదించాడు. సంభాషణ ఎటు తిరిగినా అసలు విషయానికి తిన్నగా వచ్చే ఇతని స్వభావాన్ని మెచ్చుకుంటూ, అసలు సంగతి మూలాన్ని పట్టే ప్రభువు అనే అర్థం వచ్చే బిరుదునిస్తానని చర్చిల్ పరిహాసమాడేవాడు.

లెండ్-లీజ్ చట్టం

1941 మార్చి 11న రూజ్‌వెల్ట్ లెండ్-లీజ్ చట్టంపై సంతకం చేశాడు. అమెరికా రక్షణకు అవసరమని అధ్యక్షుడు భావించిన ఏ దేశానికైనా ఆయుధాలు, ఆహారం, ఇంధనం, యంత్రాలు అరువుగా గాని, కౌలుగా గాని ఇవ్వడానికి ఈ చట్టం వీలు కల్పించింది. తొలివిడతగా 700 కోట్ల డాలర్లు కేటాయించబడ్డాయి. దీని అమలును పర్యవేక్షించే పని హాప్‌కిన్స్‌కు అప్పగించబడింది. ఆ సంవత్సరం శరదృతువులో ఎడ్వర్డ్ స్టెటీనియస్ అధికారికంగా నిర్వాహకుడైన తరువాత కూడా ముఖ్య నిర్ణయాలలో హాప్‌కిన్స్ మాటకు విలువ ఉండేది.

యుద్ధం ముగిసేనాటికి ఈ చట్టం క్రింద సుమారు 5,000 కోట్ల డాలర్ల విలువైన సహాయం అందింది. ఇందులో సగానికి పైగా బ్రిటన్‌కు, దాని సామ్రాజ్య దేశాలకు చేరగా, సుమారు 1,100 కోట్ల డాలర్ల సామగ్రి సోవియట్ యూనియన్‌కు చేరింది.

మాస్కో ప్రయాణం

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తింది. కొద్ది వారాలలోనే, మహా అయితే మూడు నెలలలో సోవియట్ సైన్యం కూలిపోతుందని అమెరికా, బ్రిటన్ సైనిక నిపుణులలో ఎక్కువమంది అంచనా వేశారు. ఆ అంచనా నిజమైతే అక్కడికి పంపిన ఆయుధాలు శత్రువుల చేతిలో పడతాయి. అది తప్పయితే, పంపకపోవడం వలన ఒక బలమైన మిత్రుని కోల్పోవలసి వస్తుంది.

జూలైలో రెండవసారి లండన్ వచ్చిన హాప్‌కిన్స్ ఈ చిక్కును విప్పడానికి స్వయంగా మాస్కో వెళ్తానని రూజ్‌వెల్ట్‌ను కోరి అనుమతి పొందాడు. స్కాట్లండులోని ఇన్వర్‌గార్డన్ నుండి కాటలీనా రకపు నీటివిమానంలో బయలుదేరి, జర్మన్ల ఆధీనంలో ఉన్న నార్వే తీరాన్ని చుట్టి, 20 గంటలకు పైగా చలిలో ప్రయాణించి ఆర్ఖాంగెల్స్క్ చేరాడు. అక్కడి నుండి మరొక విమానంలో మాస్కో వెళ్ళాడు. అతని నెత్తిన ఉన్న టోపీ చర్చిల్ నుండి అరువు తెచ్చుకున్నది.

జూలై 30, 31 తేదీలలో జోసెఫ్ స్టాలిన్‌తో రెండుసార్లు సమావేశమయ్యాడు. రెండవ సమావేశంలో దుబాసీగా వ్యవహరించినవాడు మాజీ విదేశాంగ మంత్రి మాక్సిం లిత్వినోవ్. స్టాలిన్ తన సేనల బలాన్ని, శత్రుబలాన్ని, అవసరాలను అంకెలతో సహా వివరించాడు. విమాన విధ్వంసక ఫిరంగులు, మెషిన్‌గన్లు, పది లక్షలకు పైగా తుపాకులు తక్షణావసరాలుగా పేర్కొన్నాడు. వాటితో పాటు విమానాల తయారీకి అల్యూమినియం కావాలన్నాడు. అల్యూమినియం నేడు అడిగితే విమానమై ఎగిరేది ఎన్నో నెలల తరువాత. కనుక అది కోరే దేశం దీర్ఘకాల యుద్ధానికి సిద్ధపడుతున్నదని హాప్‌కిన్స్ గ్రహించాడు.

సోవియట్ యూనియన్ నిలబడుతుందని అతడు రూజ్‌వెల్ట్‌కు తెలియజేశాడు. దీని ఆధారంగా ఆవరెల్ హారిమన్, లార్డ్ బీవర్‌బ్రూక్‌ల బృందం మాస్కో వెళ్ళి 1941 అక్టోబరు 1న తొలి సరఫరా ఒప్పందంపై సంతకం చేసింది. నవంబరు 7న సోవియట్ యూనియన్‌కు కూడా లెండ్-లీజ్ వర్తింపజేయబడింది.

తిరుగు ప్రయాణంలో హాప్‌కిన్స్ తన మందుల సంచీని మాస్కోలోనే మరచిపోయాడు. స్కాపా ఫ్లో నౌకాస్థావరం చేరేసరికి అతని స్థితి ఆందోళనకరంగా ఉంది. కొద్దిరోజుల విశ్రాంతితోనే చర్చిల్ వెంట యుద్ధనౌకలో అట్లాంటిక్ దాటి, ఆగష్టు 9-12 తేదీలలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన జరిగిన రూజ్‌వెల్ట్, చర్చిల్‌ల సమావేశంలో పాల్గొన్నాడు. అట్లాంటిక్ చార్టర్ ఈ సమావేశంలోనే రూపొందింది.

మిత్రకూటమి నిర్మాణం

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన వార్త వచ్చినపుడు హాప్‌కిన్స్ రూజ్‌వెల్ట్‌తో భోజనం చేస్తున్నాడు. ఆ నెలలోనే చర్చిల్ వాషింగ్టన్ వచ్చాడు. 1942 జనవరి 1న 26 దేశాలు ఐక్యరాజ్యాల ప్రకటన చేశాయి. బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశం తరఫున గిరిజా శంకర్ బాజ్‌పాయ్ దీనిపై సంతకం చేశాడు.

ఆయుధాలను ఏ దేశానికి ఎన్ని కేటాయించాలో నిర్ణయించే మండలి వాషింగ్టన్‌లో ఏర్పడగా, హాప్‌కిన్స్ దానికి అధ్యక్షుడయ్యాడు. ఈ మండలి ఉమ్మడి సైనికాధిపతుల సంఘానికి లోబడి ఉండాలని, లేకపోతే తాను బాధ్యత వహించలేనని జనరల్ జార్జ్ మార్షల్ పట్టుపట్టాడు. హాప్‌కిన్స్ మార్షల్‌ను సమర్థించడంతో ఆ వాదనే నెగ్గింది. సైన్యం నడిపేవారు, ఆయుధాలు పంచేవారు వేరుకాకుండా ఉండటం మిత్రరాజ్యాల విజయానికి తోడ్పడింది.

భారతదేశ సమస్య

1942 ఏప్రిల్‌లో హాప్‌కిన్స్, మార్షల్‌తో కలిసి లండన్ వెళ్ళాడు. ఫ్రాన్సు తీరంపై దండయాత్రకు బ్రిటన్‌ను ఒప్పించడం ఈ ప్రయాణ లక్ష్యం. వారు ప్రయాణంలో ఉండగానే, ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. భారతీయుల సహకారం పొందడానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సర్ స్టాఫర్డ్ క్రిప్స్ అప్పుడు ఢిల్లీలో కాంగ్రెస్ నాయకులతో చర్చలు జరుపుతున్నాడు. రక్షణశాఖ ఎవరి చేతిలో ఉండాలన్నది ప్రధాన వివాదం.

రూజ్‌వెల్ట్ ప్రతినిధిగా ఢిల్లీ వచ్చిన లూయిస్ జాన్సన్ ఈ వివాదంలో మధ్యవర్తిత్వం నెరపి, క్రిప్స్‌తో కలిసి ఒక రాజీ సూత్రాన్ని తయారు చేశాడు. ఇది చర్చిల్‌కు రుచించలేదు. ఏప్రిల్ 9న చర్చిల్ ప్రశ్నించగా, జాన్సన్ పంపబడింది యుద్ధసామగ్రి విషయాలకే గాని అధ్యక్షుని పక్షాన మధ్యవర్తిత్వానికి కాదని హాప్‌కిన్స్ బదులిచ్చాడు. ఈ సమాధానం క్రిప్స్ ప్రయత్నాన్ని అడ్డుకోవడానికి చర్చిల్‌కు అవకాశమిచ్చిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. కాంగ్రెస్ క్రిప్స్ ప్రతిపాదనలను తిరస్కరించింది.

క్రిప్స్ ప్రయాణాన్ని వాయిదా వేసి మరొకసారి ప్రయత్నించవలసిందని కోరుతూ రూజ్‌వెల్ట్ పంపిన తంతి, ఏప్రిల్ 12 తెల్లవారుజామున చర్చిల్ విడిదియైన చెకర్స్ భవనంలో ఉన్న హాప్‌కిన్స్ ద్వారా అందింది. చర్చిల్ ఆగ్రహోదగ్రుడై, అవసరమైతే పదవిని వదులుకోవడానికైనా సిద్ధమే కాని భారతదేశంపై ఒత్తిడికి లొంగనన్నాడు. క్రిప్స్ అప్పటికే బయలుదేరుతున్నందున చేయగలిగింది లేదని వాషింగ్టన్‌కు తెలియజేయబడింది. ఆ తరువాత రూజ్‌వెల్ట్ భారత స్వాతంత్ర్యం గురించి చర్చిల్‌పై గట్టిగా ఒత్తిడి తేలేదు. ఫ్రాన్సు దండయాత్రకు చర్చిల్ అంగీకారం పొందడమే హాప్‌కిన్స్ దృష్టిలో ముఖ్యమైంది. కూటమి ఐక్యత కోసం భారతీయుల ఆకాంక్ష ప్రక్కకు నెట్టబడింది. నాలుగు నెలల తరువాత క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది.

కాసాబ్లాంకా, టెహ్రాన్ సమావేశాలు

1942 జూలై 30న హాప్‌కిన్స్ వైట్‌హౌస్‌లోనే లూయీస్ మేసీని వివాహమాడాడు. 1943 జనవరిలో కాసాబ్లాంకా సమావేశానికి రూజ్‌వెల్ట్ వెంట వెళ్ళాడు. శత్రుదేశాలు బేషరతుగా లొంగిపోవాలనే విధానం ఇక్కడే ప్రకటించబడింది.

1943 నవంబరు 28 నుండి డిసెంబరు 1 వరకు జరిగిన టెహ్రాన్ సమావేశంలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ మొదటిసారిగా ముగ్గురూ కలుసుకున్నారు. అమెరికా విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ ఈ సమావేశానికి రాలేదు. ఆ లోటును హాప్‌కిన్స్ తీర్చాడు. మధ్యధరా ప్రాంతంలో దాడులు విస్తరించాలని చర్చిల్, ఫ్రాన్సులో రెండవ రంగం తెరవాలని స్టాలిన్ వాదించారు. అమెరికా, సోవియట్ పక్షాలు ఈ విషయంలో దృఢంగా ఉన్నందున పట్టు సడలించడం మంచిదని హాప్‌కిన్స్ రాత్రివేళ బ్రిటిష్ దౌత్య కార్యాలయానికి వెళ్ళి చర్చిల్‌కు నచ్చజెప్పినట్లు రూజ్‌వెల్ట్ దుబాసీ చార్లెస్ బోలెన్ తన స్మృతులలో పేర్కొన్నాడు. 1944 మే నెలలో ఫ్రాన్సుపై దండెత్తాలని నిర్ణయమైంది. ఆ దండయాత్ర జూన్ 6న నార్మండీ తీరాన జరిగింది.

పుత్రశోకం, తిరిగి రాక

1943 డిసెంబరులో హాప్‌కిన్స్ కుటుంబం వైట్‌హౌస్ విడిచి వేరే ఇంటికి మారింది. 1944 తొలిరోజులలోనే అతని ఆరోగ్యం క్షీణించింది. ఫిబ్రవరిలో చిన్న కుమారుడు స్టీఫెన్, 18 సంవత్సరాల మెరైన్ సైనికుడు, పసిఫిక్‌లోని మార్షల్ దీవులలో జరిగిన పోరాటంలో మరణించాడు. చర్చిల్ షేక్‌స్పియర్ రచించిన మాక్‌బెత్ నాటకంలోని పంక్తులను అందంగా వ్రాయించి సంతాపసూచకంగా పంపాడు. హాప్‌కిన్స్ మార్చిలో మరొక శస్త్రచికిత్స చేయించుకుని, సుమారు ఆరు నెలలు రాజకార్యాలకు దూరమయ్యాడు.

1944 అక్టోబరులో చర్చిల్ స్టాలిన్‌ను కలవడానికి మాస్కో బయలుదేరాడు. అమెరికా తరఫున కూడా చర్చిల్ మాట్లాడుతున్నాడనే అర్థం వచ్చే ఒక తంతి వైట్‌హౌస్ నుండి వెళ్ళబోతున్నదని తెలిసి, హాప్‌కిన్స్ తన బాధ్యతపైనే దానిని ఆపించి, తరువాత రూజ్‌వెల్ట్‌కు విషయం విన్నవించాడు. రూజ్‌వెల్ట్ సమ్మతించి, అమెరికాకు సంబంధించిన నిర్ణయాలు ముగ్గురూ కలిసినపుడే జరగాలని స్టాలిన్‌కు తెలియజేశాడు. తూర్పు యూరప్ దేశాలలో ఎవరి పలుకుబడి ఎంతశాతమో చర్చిల్, స్టాలిన్‌లు కాగితంపై పంచుకున్న సమావేశం ఇదే.

యాల్టా సమావేశం

1945 ఫిబ్రవరి 4-11 తేదీలలో క్రిమియాలోని యాల్టాలో జరిగిన సమావేశానికి హాప్‌కిన్స్ తీవ్ర అనారోగ్యంతోనే హాజరయ్యాడు. ఎక్కువకాలం మంచంపైనే ఉండి, ముఖ్య సమావేశాలకు మాత్రం లేచి వచ్చి, రూజ్‌వెల్ట్ వెనుక కూర్చుని చిన్న కాగితాలపై సలహాలు వ్రాసి అందించేవాడు. జర్మనీ ఆక్రమణలో ఫ్రాన్సుకు భాగమివ్వాలని వాదించిన వారిలో ఇతడొకడు. నష్టపరిహారాల విషయంలో సోవియట్ పక్షానికి కొంత సడలింపు చూపాలని సూచించాడు.

తిరుగు ప్రయాణంలో ఓడలో తనతో పాటు వచ్చి ఉపన్యాస రచనలో సహాయపడాలని రూజ్‌వెల్ట్ కోరుకున్నాడు. హాప్‌కిన్స్‌కు ఓపిక లేక ఫిబ్రవరి 18న అల్జీర్స్ రేవులో దిగిపోయాడు. ఇది రూజ్‌వెల్ట్‌కు నచ్చలేదు. ఇద్దరూ ముభావంగా విడిపోయారు. మళ్ళీ కలుసుకోలేదు. ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణించినపుడు హాప్‌కిన్స్ మేయో క్లినిక్‌లో రోగిగా ఉన్నాడు. అక్కడి నుండే అంత్యక్రియలకు వాషింగ్టన్ వచ్చాడు.

చివరి దౌత్యం

జర్మనీ లొంగిపోయిన వెంటనే, 1945 మే నెలలో, అమెరికా సోవియట్ యూనియన్‌కు లెండ్-లీజ్ సరఫరాలను అకస్మాత్తుగా తగ్గించింది. పోలండు ప్రభుత్వంపై వివాదం ముదిరింది. ఐక్యరాజ్య సమితి నిర్మాణానికై శాన్ ఫ్రాన్సిస్కోలో జరుగుతున్న మహాసభ వీటో అధికారంపై ప్రతిష్టంభనలో పడింది. ఒక సమస్యను భద్రతా మండలిలో చర్చకు రాకుండా కూడా వీటోతో ఆపవచ్చునని సోవియట్ ప్రతినిధుల వాదన.

కొత్త అధ్యక్షుడు హారీ ట్రూమన్ కోరిక మేరకు హాప్‌కిన్స్ భార్యతో కలిసి మాస్కో వెళ్ళి, మే 26 నుండి జూన్ 6 వరకు స్టాలిన్‌తో పలుమార్లు సమావేశమయ్యాడు. వీటో విషయంలో స్టాలిన్ తన ప్రతినిధుల పట్టును వదిలించి అమెరికా వాదాన్ని అంగీకరించాడు. దానితో శాన్ ఫ్రాన్సిస్కో సభ గట్టెక్కి జూన్ 26న ఐక్యరాజ్య సమితి చార్టర్‌పై సంతకాలు జరిగాయి. ఆగష్టులో జపాన్‌పై యుద్ధానికి సిద్ధమవుతామని స్టాలిన్ ధృవీకరించాడు. పోట్స్‌డామ్ సమావేశానికి మార్గం సుగమమైంది.

పోలండు విషయంలో లభించింది కొంత మాత్రమే. స్టానిస్లావ్ మికొలాయ్‌చిక్ వంటి కొందరిని ప్రభుత్వంలో చేర్చుకోవడానికి స్టాలిన్ ఒప్పుకున్నాడు. నిర్బంధంలో ఉన్న 16 మంది పోలిష్ నాయకులను విడిచిపెట్టాలని హాప్‌కిన్స్ కోరినా ఫలితం లేకపోయింది. జూన్‌లో వారిపై విచారణ జరిగి చాలామందికి శిక్షలు పడ్డాయి. 1947 జనవరిలో జరిగిన పోలండు ఎన్నికలు స్వేచ్ఛగా జరగలేదు.

మరణం

హాప్‌కిన్స్ 1945 జూలై 2న ప్రభుత్వ సేవ నుండి విరమించుకున్నాడు. సెప్టెంబరులో ట్రూమన్ అతనికి విశిష్ట సేవా పతకాన్ని బహూకరించాడు. న్యూయార్క్ దుస్తుల పరిశ్రమలో యజమానులకు, కార్మికులకు మధ్య తటస్థ మధ్యవర్తిగా కొద్దికాలం పనిచేశాడు. 1946 జనవరి 29న న్యూయార్క్‌లో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 55 సంవత్సరాలు. క్యాన్సర్ తిరగబెట్టలేదని, దీర్ఘకాల పోషకాహార లోపం వలన కలిగిన వ్యాధియే మరణకారణమని తేలింది. అస్థికలు అతడు చదువుకున్న గ్రిన్నెల్ పట్టణంలో ఉంచబడ్డాయి.

విమర్శలు, మూల్యాంకనం

యుద్ధానంతరం అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం మొదలైన తరువాత, హాప్‌కిన్స్ స్టాలిన్‌ను అతిగా నమ్మాడనే విమర్శ బలపడింది. 1990లలో కొందరు రచయితలు ఒక అడుగు ముందుకు వేసి అతడు సోవియట్ గూఢచారి అని ఆరోపించారు. బయటపడిన సోవియట్ రహస్య సందేశాలలో 19 అనే సంకేతనామం అతనిదేనని వారు వాదించారు. తరువాత వెలుగుచూసిన సోవియట్ గూఢచారి సంస్థ పత్రాల ప్రతుల ఆధారంగా, ఆ సంకేతం విదేశాంగ శాఖలో పనిచేసిన లారెన్స్ డగ్గన్‌దని పరిశోధకులు నిర్ధారించారు. హాప్‌కిన్స్ అధ్యక్షుని విధానాన్నే అమలు జరిపాడని అధికసంఖ్యాక చరిత్రకారుల అభిప్రాయం.

రూజ్‌వెల్ట్ ఉపన్యాస రచయిత, నాటకకర్త రాబర్ట్ షెర్‌వుడ్, హాప్‌కిన్స్ పత్రాల ఆధారంగా రచించిన రూజ్‌వెల్ట్ అండ్ హాప్‌కిన్స్ అనే గ్రంథం 1948లో వెలువడి, 1949లో పులిట్జర్ బహుమతి పొందింది. హాప్‌కిన్స్ జీవితానికి నేటికీ ముఖ్యాధారాలలో ఇది ఒకటి.

హాప్‌కిన్స్ కుదిర్చిన స్నేహం శత్రువు ఓడిపోయేవరకే నిలిచింది. మూడు రాజ్యాల ప్రయోజనాలు వేరు వేరు కావడమే దీనికి కారణం. అయితే 1941లో బ్రిటన్ నిలబడుతుందా, సోవియట్ యూనియన్ నిలబడుతుందా అనే రెండు ప్రశ్నలకు ఇతడు స్వయంగా వెళ్ళి, చూసి, అవునని చెప్పిన సమాధానాలు రెండూ నిజమయ్యాయి. ఆ సమాధానాలను నమ్మి అమెరికా పంపిన సామగ్రి యుద్ధగతిని మార్చడంలో గణనీయమైన పాత్ర వహించింది.